అతుకు కనపడని బొమ్మ

1999 డిసెంబరులో ఒక ఆదివారం నాన్నా నేనూ గోల్కొండ ఎక్కాం. బాలాహిస్సార్ పైనుంచి చూస్తే ఒకపక్క కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, ఇంకోపక్క కోటగోడలు, వాటికవతల పొగమంచులో హైదరాబాదు. కెమెరాలో కన్ను పెట్టి చూస్తే ఇందులో ఆరోవంతు కూడా పట్టటం లేదు. రీలులో మిగిలినవి సరిగ్గా ఆరు. సరే అని ఎడమచేతివైపునుంచి మొదలుపెట్టి, ముందు ఫోటోలో కుడి అంచున ఉన్నది తర్వాతి ఫోటోలో ఎడమ అంచున ఉండేట్టు చూసుకుంటూ, కొంచెం కొంచెంగా తిరుగుతూ ఆరూ తీసేశాను. కడిగించి తెచ్చాక బల్లమీద పరిచి, కత్తెరతో అంచులు కోసి, సెల్లోటేపుతో అతికించాం.

ఒక్క అతుకూ కుదరలేదు. మొదటిది దిక్చక్రం. కొండమీంచి కిందకు చూస్తూ తీశాను కదా, ఆరూ వరసగా అంటించేసరికి భూమి అరటిపండులా వంగింది. రెండోది, దూరంగా ఉన్న గుమ్మటం రెండు ఫోటోల్లోనూ కలిసేట్టు జరిపితే దగ్గరున్న పిట్టగోడ తెగిపోతోంది. పిట్టగోడ కలిపితే గుమ్మటాలు రెండవుతున్నాయి. మూడోది, ఎండకెదురుగా తీసిన ఫోటోలో ఆకాశం తెల్లగా ఉంటే పక్కదాంట్లో నీలంగా ఉంది. నాలుగోది నాన్న. మూడో ఫోటో కుడి అంచున సగం మనిషి ఉన్నాడు. నాలుగో ఫోటోలో అదేచోట ఉత్త రాయి ఉంది. నేను తిరుగుతుంటే, అడ్డం వచ్చానేమో అనుకొని పక్కకి తప్పుకున్నాడన్నమాట. “పోనీలేరా, సగమే వచ్చాను కాబట్టి స్టూడియోవాడికి సగం డబ్బులే ఇద్దాం” అన్నాడు.

ఆకారం, స్థానం, వెలుగు, కాలం. ఈ నాలుగు చిక్కులూ నా చేతకానితనం వల్ల వచ్చినవే అనుకున్నాను అప్పుడు. తర్వాత చదువుకుంటూ పోతే తెలిసింది, ఒక చూపులో పట్టని దృశ్యాన్ని ఒక బొమ్మలో పట్టించాలని చూసిన ప్రతివాళ్ళకీ ఇవే అడ్డం వచ్చాయని. రెండువందల ఏళ్ళపైన సాగిన ఆ ప్రయత్నంలో మొదటి మూడింటికీ చాలావరకు జవాబు దొరికింది. నాలుగోదానికి దొరకలేదు. దొరికినట్టు కనిపిస్తుంది, అంతే. ఈ వ్యాసం ఆ సంగతి గురించే.

గుండ్రటి గది

పనోరమా అన్నది చూడ్డానికి ప్రాచీన గ్రీకు మాటలా ఉంటుంది గానీ, అదీ అతుకులమాటే. ‘పాన్’ అంటే సమస్తం, ‘హొరామా’ అంటే కనపడేది. ఈ రెండు ముక్కలనీ 1790ల మొదట్లో ఇంగ్లండులో కలిపి కుట్టారు. దేనికోసం కుట్టారో ఆ వస్తువుని తయారుచేసినవాడు రాబర్ట్ బార్కర్, ఐర్లండులో పుట్టి ఎడింబరోలో స్థిరపడ్డ చిత్రకారుడు. గుండ్రటి గది లోపలి గోడంతా చుట్టూ ఒకే బొమ్మ గీసి, చూసేవాణ్ణి మధ్యలో నిలబెట్టాలన్నది అతని ఆలోచన. 1787లో దానికి పేటెంటు తీసుకున్నాడు, ఇంకా పేరు కూడా పెట్టకముందే.

1793లో లండనులోని లెస్టర్ స్క్వేర్‌లో ఇందుకోసమే ఒక భవనం లేచింది. చీకటి వసారా గుండా నడిచి మెట్లెక్కి మధ్య వేదికమీదకు చేరాలి. వెలుగు పైకప్పునుంచి పడుతుంది గానీ ఎక్కడినుంచో తెలియదు. బొమ్మ పైఅంచు, కిందిఅంచు కనపడకుండా కప్పేశారు. పటానికి చట్రం లేకపోతే, పక్కన పోల్చుకోడానికి ఇంకేమీ లేకపోతే, అది పటమని కన్ను మర్చిపోతుంది. ఆకారం చిక్కుకి బార్కర్ కనిపెట్టిన జవాబు ఇదీ: గుండ్రటి లోకాన్ని బల్లపరుపు కాగితం మీదకు తేవడం కష్టమైతే, కాగితాన్నే గుండ్రంగా చుట్టేయడం.

ఈ వినోదం మన దేశాన్ని తాకడానికి ఎంతోకాలం పట్టలేదు. 1799 మేలో శ్రీరంగపట్నం పడిపోయింది, టిప్పు సుల్తాన్ చనిపోయాడు. మరుసటేడే లండనులో రాబర్ట్ కెర్ పోర్టర్ అనే ఇరవైమూడేళ్ళ కుర్రాడు ఆ ముట్టడిని 120 అడుగుల పైచిలుకు పొడవున గీసి ప్రదర్శనకు పెట్టాడు. అతను శ్రీరంగపట్నాన్ని ఎన్నడూ చూసినవాడు కాదు. విన్న కథనాల్నీ, సైనికాధికారుల రూపురేఖల్నీ పోగేసుకొని వేశాడు. జనం మాత్రం యుద్ధాన్ని కళ్ళారా చూసినట్టే తిరిగివెళ్ళారు. అతుకు కనపడని పెద్ద బొమ్మకి ఉన్న బలమూ, ప్రమాదమూ రెండూ అప్పుడే బయటపడ్డాయి.

బార్కర్ పేటెంటు 14 ఏళ్ళది. 1801లో గడువు తీరిపోగానే ఇతరులూ గుండ్రటి గదులు కట్టుకున్నారు. ఈ పేటెంటు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

వెండి రేకులు, గాజు పలకలు

1839లో డగేర్ తన పద్ధతిని లోకానికి ప్రకటించాక, ఫోటో తీసేవాళ్ళకి మొదట తెలిసొచ్చింది కెమెరా ఎంత ఇరుకుగా చూస్తుందో. ఒక పలకలో పట్టకపోతే పక్కన ఇంకో పలక పెట్టడమే దారి. 1848 సెప్టెంబరు 24న అమెరికాలో ఛార్ల్స్ ఫోంటేన్, విలియం పోర్టర్ అనే ఇద్దరు ఒహాయో నది అవతలి ఒడ్డున నిలబడి సిన్సినాటి నగరపు రేవంతా ఎనిమిది పలకల్లో పట్టారు. డగేర్ పద్ధతిలో నెగెటివ్ ఉండదు. వెండిపూత పూసిన రాగిరేకు మీద పడిన బొమ్మే అసలూ నకలూ. దాన్ని కోసి అతికించడానికి వీల్లేదు. కాబట్టి ఎనిమిదింటినీ ఒకే చట్రంలో పక్కపక్కన, ఎవరి కిటికీలో వాళ్ళున్నట్టు బిగించారు. ఇక్కడ అతుకుని దాచాలన్న ఆలోచనే లేదు.

నూటయాభై ఏళ్ళు దాటాక ఈ పలకల్ని భద్రపరిచే పనిలో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. దూరాన ఒక గోపురం మీద గడియారం ఉంది. పలకమీద దాని ముఖం మిల్లీమీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. పెద్దదిచేసి చూస్తే ముళ్ళు కనపడ్డాయి, మధ్యాహ్నం రెండు కావస్తోంది. పనోరమాల చరిత్రలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఇదే. ఆ పలక తను ఎప్పుడు పుట్టిందో తనే చెప్పింది. పక్క పలక మాత్రం ఇంకో క్షణానిది, చట్రంలోని గీత ఆ మాట దాచకుండా చెబుతోంది.

తర్వాత కొన్నేళ్ళకే గాజు పలకలు వచ్చాయి. నెగెటివ్ ఉంటుంది కాబట్టి కాగితం మీద ఎన్ని ముద్రలైనా వేయొచ్చు, అంచులు కోసి అట్టమీద అంటించొచ్చు. 1857 తిరుగుబాటు అణిగాక, 1858లో ఫెలీచె బేటో లక్నో, ఢిల్లీ వచ్చి తీసిన పనోరమాలు ఇలా అంటించినవే. ఢిల్లీలో జామా మసీదు మీంచి చుట్టూ తిరుగుతూ తీశాడు. నగరం నిశ్శబ్దంగా, మనుషులు దాదాపు లేకుండా కనిపిస్తుంది. కదిలే మనుషులు ఆ రోజుల నిదానపు పలకల్లో సరిగ్గా పడకపోవడం ఒక కారణం. కానీ నగరం నిజంగానే చాలావరకు ఖాళీ అయిపోయి ఉండటం ఇంకో కారణం. ఏ ఖాళీ దేనివల్లనో బొమ్మ చెప్పదు. శ్రీరంగపట్నం బొమ్మలాగే ఇదీ గెలిచినవాడి చూపే. చుట్టూ కనపడాలంటే ఎత్తుమీద నిలబడాలి, ఆ ఎత్తుమీదకు ఎవరెక్కగలరన్నది అప్పట్లో తుపాకులు తేల్చిన విషయం.

ఈ పద్ధతిలో శిఖరమనదగ్గది 1878లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగింది. పరిగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ గాల్లో ఉంటాయని నిరూపించిన ఎడ్వర్డ్ మైబ్రిడ్జే దాన్ని తీసినవాడు. కాలిఫోర్నియా స్ట్రీట్ కొండమీద మార్క్ హాప్కిన్స్ అనే రైల్వే ధనికుడి భవనం కడుతున్నారు. దాని బురుజుమీదనుంచి నగరాన్ని చుట్టూతా 360 డిగ్రీలు, 13 పెద్ద పలకల్లో తీశాడు. విప్పితే 17 అడుగులుంటుంది. తడి కొలోడియన్ పద్ధతి అది. పలకమీద మందు పూసి, అది ఆరేలోగా కెమెరాలో పెట్టి తీసి, వెంటనే చీకటిగదిలో కడగాలి. ఒక్కోదానికీ ఇంత తతంగం. అంటే 13 పలకలు తీసేసరికి సూర్యుడు చాలా దూరం నడిచేస్తాడు.

ఆ నడక బొమ్మలో కనిపిస్తుంది. ఒక పలకనుంచి పక్క పలకకి వెళుతుంటే నీడలు మెల్లగా జరుగుతాయి. అయితే ఒక్కచోట మాత్రం నీడలు ఈ వరసకి ఒప్పుకోవు. ఆ పలక మిగతావాటి తర్వాత, గంటలు గడిచాక తీసింది. మొదటిది పాడైతే మళ్ళీ తీసి ఉంటాడని పరిశోధకుల ఊహ. అంత శ్రద్ధగా కలిపిన బొమ్మలో కూడా, నీడలు చూడ్డం తెలిసినవాడికి, కుట్టు ఎక్కడ విప్పి మళ్ళీ వేశారో కనిపిస్తుంది.

1906 భూకంపం, దాని వెనకే వచ్చిన మంటలు ఆ నగరంలో చాలా భాగాన్ని, హాప్కిన్స్ భవనంతో సహా, తుడిచిపెట్టేశాయి. మైబ్రిడ్జ్ పనోరమా ఆ రోజునుంచి ఒక సాక్ష్యం అయింది. ఏ వీధిలో ఏ ఇల్లు ఉండేదో చెప్పగలిగిన సాక్ష్యం. సాక్షిని నమ్మాలంటే అతను ఏది ఎప్పుడు చూశాడో తెలియాలి. అందుకే ఆ నీడలు ముఖ్యం.

అతుకే లేకుండా

అసలు అతుకే లేకుండా తీయొచ్చు కదా అన్న ఆలోచన కూడా ఫోటోగ్రఫీ అంత పాతదే. 1843లోనే ఆస్ట్రియాలో జోసెఫ్ పుఖ్‌బెర్గర్ అటూ ఇటూ తిరిగే లెన్సుతో ఒక కెమెరాకి పేటెంటు తీసుకున్నాడు. ఈ దారిలో బాగా పేరుపడ్డది 1904లో పేటెంటు వచ్చిన సర్కట్ కెమెరా. ట్రైపాడ్ మీద పళ్ళచక్రం, అందులో గడియారపు స్ప్రింగు లాంటి యంత్రం. తాళం తిప్పి వదిలితే కెమెరా మొత్తం నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది, లోపల ఫిల్ము అదే లెక్కలో ఒక సన్నటి చీలిక ముందునుంచి జరుగుతూ పోతుంది. స్కూలు పిల్లలూ, సైనిక దళాలూ వందలమంది ఒకే వరసలో నిలబడ్డ పొడుగాటి పటాలు చాలావరకు దీంతో తీసినవే.

ఇందులో అతుకు లేదు. నిజమే. కానీ కాలం ఎక్కడికీ పోలేదు, బొమ్మంతా పలచగా పరుచుకుంది. ఎడమ అంచు ఒక క్షణం, కుడి అంచు అప్పటికి కొన్ని సెకన్లు తర్వాత. ఈ రహస్యాన్ని అందరికంటే ముందు పట్టుకున్నది స్కూలు పిల్లలు. ఎడమ చివర నిలబడి, కెమెరా తమని దాటగానే వరస వెనకనుంచి పరిగెత్తి కుడి చివరకు చేరుకునేవాళ్ళు. ఒకే పటంలో రెండు చివర్లా వాడే, రెండుచోట్లా నవ్వుతూ.

అదే 1906లో జార్జ్ లారెన్స్ గాలిపటాల వరసకు బరువైన కెమెరా కట్టి, సుమారు 2000 అడుగుల ఎత్తునుంచి శాన్‌ఫ్రాన్సిస్కో శిథిలాలను ఒకే ఫిల్ము మీద తీశాడు. మైబ్రిడ్జ్ చూపించిన నగరమే, ఇరవైఎనిమిదేళ్ళ తర్వాత బూడిదగా.

వెలుగుకి జవాబు

అతికించే పని చేతులనుంచి లెక్కల్లోకి మారడానికి తోవ వేసినవాటిలో అంతరిక్షం ఒకటి. 1966 నుంచి చంద్రుడి మీద దిగిన సర్వేయర్ నౌకలు పంపిన చిన్నచిన్న టీవీ బొమ్మల్ని అచ్చువేసి, మనుషులు చేత్తో గోళాకారపు గిన్నెల లోపలివైపు అంటించి చంద్రుడి నేలను కూర్చారు. బార్కర్ గుండ్రటి గదే మళ్ళీ, ఈసారి బల్లమీద.

వెలుగు తేడాలకి చక్కటి జవాబు 1983లో వచ్చింది. పీటర్ బర్ట్, ఎడ్వర్డ్ ఏడెల్సన్ అనే ఇద్దరు ప్రచురించిన పత్రంలో ఒక బొమ్మ ఉంది: సగం ఆపిల్, సగం నారింజ, మధ్యలో అతుకు ఎక్కడో చెప్పలేం. వాళ్ళ కిటుకు వినడానికి తేలిక. రెండు ఫోటోల అంచుల్ని వెడల్పుగా కలిపేస్తే ఆకాశం బాగానే కలుస్తుంది గానీ చెట్ల ఆకులు అలుక్కుపోయి రెండేసి కనపడతాయి. ఇరుగ్గా కలిపితే ఆకులు బాగుంటాయి గానీ ఆకాశంలో గీత పడుతుంది. అందుకని బొమ్మని ముందు పొరలుగా విడదీయాలి. నెమ్మదిగా మారే మోటు పొరని వెడల్పుగా, గబగబా మారే సన్నటి పొరని ఇరుగ్గా కలిపి, మళ్ళీ అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చాలి. గోడకి పగులొస్తే మేస్త్రీ పగులుదగ్గర సన్నటి కరణితో పూడ్చి, పైన రంగు మాత్రం గోడంతా దూరంగా పలచబరుస్తూ తీసుకెళ్ళినట్టే. ఈనాటి పనోరమా సాఫ్ట్‌వేర్లలో చాలావాటి గుండెకాయ ఇదే.

గడియారాల ఊరి మాస్టారు

1995లో ఏపిల్ కంపెనీ క్విక్‌టైమ్ వీఆర్ అనే పద్ధతిని తెచ్చింది. ఫోటోలని గొట్టంలా చుట్టి, కంప్యూటరులో మౌసుతో లాగుతూ చుట్టూ చూసే వీలు అది. దానితోపాటే పరికరాల అవసరమూ వచ్చింది. నా పిట్టగోడ చిక్కు గుర్తుందా? బొటనవేలు ముఖంముందు పెట్టుకొని ఒక కన్ను మూసి, ఇంకో కన్ను తెరిచి చూడండి. వేలు వెనకున్న గోడమీద జరుగుతుంది. చూసే చోటు మారితే దగ్గరవీ దూరపువీ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. చేత్తో పట్టుకొని తిరిగినా, మామూలు ట్రైపాడ్ మీద పెట్టి తిప్పినా లెన్సు ఒక చిన్న సున్నా చుడుతుంది, చూసే చోటు ప్రతి ఫోటోకీ మారిపోతుంది.

దీనికి మందు పనోరమా హెడ్ అనే పరికరం. ఎల్ ఆకారపు రెండు మూడు లోహపు పట్టీలు, కెమెరాని ముందుకీ వెనక్కీ జరపడానికి కొలతగీతలున్న ఒక పట్టాలు. తిరిగే ఇరుసు లెన్సులోకి వెలుగు ప్రవేశించే ద్వారం మధ్యగా పోయేట్టు సర్దాలి. అందరూ దీన్ని నోడల్ పాయింట్ అంటారు. ఆప్టిక్స్ తెలిసినవాళ్ళు ఆ పేరు తప్పని నెత్తీనోరూ కొట్టుకున్నారు గానీ, బాగా అమ్ముడుపోయిన ఒక హెడ్‌కి నోడల్ నింజా అనే పేరు పెట్టేశాక ఇంకెవరు వింటారు! సరైన చోటు పట్టుకోవడం మాత్రం సులువే. దగ్గరొక కర్ర, దూరంగా ఒక స్తంభం ఒకే గీతలో కనపడేట్టు నిలబడి, కెమెరాని ఎడమకీ కుడికీ తిప్పి చూడాలి. రెండూ విడిపోతే కెమెరాని పట్టాలమీద కొంచెం జరపాలి. విడిపోకుండా ఉన్న చోటే ఆ చోటు.

ఇక సాఫ్ట్‌వేరు. జర్మనీ నల్లడవి ప్రాంతంలో ఫుర్ట్‌వాంగెన్ అని చిన్న ఊరు, గడియారాల తయారీకి పేరుపడ్డది. జర్మన్ గడియారాల మ్యూజియం అక్కడే ఉంది. ఆ ఊరి కాలేజీలో భౌతికశాస్త్రం, గణితం చెప్పే హెల్ముట్ డెర్ష్ అనే ప్రొఫెసర్ 1998లో పనోరమా టూల్స్ అనే ప్రోగ్రాముల సంచిని అందరికీ ఉచితంగా ఇచ్చాడు. రెండు ఫోటోల్లోనూ కనపడే ఒకే వస్తువుని, కిటికీ మూలో, స్తంభం కొసో, మనం మౌసుతో చూపించాలి. ఇలాంటి జతలు ఒక్కో అతుక్కీ నాలుగైదైనా ఇస్తే, ప్రతి ఫోటో ఎటు తిరిగింది, ఎంత వంగింది, ఎంత ఒరిగింది, లెన్సు గీతల్ని ఎంత వంచేసింది, ఇవన్నీ అది లెక్కగట్టి, మొత్తం తేడా అతి తక్కువయ్యేట్టు సర్దుతుంది. అంటే ఆకారం చిక్కు లెక్కల్లోనే విడిపోయింది. అదే లెక్కతో బొమ్మని గొట్టంగానో, గోళంగానో, ప్రపంచపటంలా రెండింతల వెడల్పున్న దీర్ఘచతురస్రంగానో పరుచుకోవచ్చు.

అప్పటికే అమెరికాలో ఐపిక్స్ అనే కంపెనీ ఫిష్‌ఐ లెన్సుతో తీసిన గుండ్రటి ఫోటోలని సరిచేసి చూపించే పద్ధతికి పేటెంట్లు పట్టుకొని ఉంది. వాళ్ళ వ్యాపారంలో ఒక్కో బొమ్మకీ రుసుము కట్టాలి. ఒక మాస్టారు అదే పని ఊరికే చేసుకోనిస్తుంటే ఊరుకుంటారా? దావా వేస్తామని బెదిరింపులొచ్చాయి. కొంతకాలం ఫిష్‌ఐ లెన్సు చూపు 160 డిగ్రీలు దాటితే ప్రోగ్రాము పనిచేయకుండా ఒక హద్దు పెట్టాల్సివచ్చింది. 2001కల్లా డెర్ష్ ఈ పని మానుకున్నాడు. ఒక కంపెనీతో కోర్టుల్లో తిరిగే శక్తి ఒంటరి పంతులుకి ఎక్కడిది!

కానీ అతను వెళ్ళేముందే అసలైన లెక్కలున్న భాగాన్ని, ఎవరైనా చదివి మార్చుకొని మళ్ళీ పంచుకోవచ్చనే జీపీఎల్ లైసెన్సు కింద వదిలిపెట్టాడు. మిగతా భాగాల్ని ఔత్సాహికులు మొదట్నుంచీ మళ్ళీ రాసుకున్నారు. జర్మనీలో పాబ్లో దాంజెలో మొదలుపెట్టిన హ్యూగిన్ ఇప్పటికీ ఉచితం. నెదర్లాండ్స్‌లో పుట్టిన పీటీగుయ్ డబ్బిచ్చి కొనుక్కునేది, వృత్తిగా చేసేవాళ్ళు ఎక్కువగా వాడేది. రెండింటికీ పునాది డెర్ష్ పనే. ఐపిక్స్ 2006లో దివాలా తీసింది. బార్కర్ పేటెంటు గడువు తీరాక గుండ్రటి గదులు లేచినట్టు, ఇక్కడ ఆ గడువు కోసం ఎవరూ ఆగలేదు.

యంత్రం వెతికిన జతలు

జతలు చూపించే చాకిరీ కూడా పోయింది కెనడాలో. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ లోవ్ 1999లో సిఫ్ట్ అనే పద్ధతిని ప్రకటించాడు. ఫోటోలో ప్రత్యేకంగా కనపడే చుక్కల్ని ఏరి, ఒక్కో చుక్క చుట్టూ వెలుగు ఎటు మారుతోందో 128 అంకెల్లో రాసిపెడుతుంది. ఫోటో తిరిగినా, పెద్దదైనా, చిన్నదైనా ఆ అంకెలు పెద్దగా మారవు. మనిషిని పుట్టుమచ్చని బట్టి గుర్తుపట్టడమన్నమాట. 2003లో లోవ్, అతని విద్యార్థి మాథ్యూ బ్రౌన్ కలిసి దీన్ని పనోరమాలకి వాడి చూపించారు. సెలవుల్లో తీసిన ఫోటోలన్నీ కలగాపులగంగా ఇచ్చేస్తే, ఏవి ఏ పనోరమావో, ఏవి దేనికీ చెందనివో కూడా అదే తేల్చుకుంటుంది. దీనికీ విశ్వవిద్యాలయం పేరున పేటెంటు ఉంది. ఆ గడువు 2020లో తీరేదాకా ఉచిత సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్ళు వేరే పద్ధతులు వెతుక్కోవడమో, దీన్ని విడిగా పెట్టడమో చేశారు.

అదే 2003లో మాక్స్ లయన్స్ అనే అమెరికన్, 196 ఫోటోలు కలిపి బ్రైస్ కాన్యన్ దృశ్యాన్ని వందకోట్ల పిక్సెళ్ళు దాటించాడు. అతని కెమెరా 60 లక్షల పిక్సెళ్ళది. తర్వాత మరయంత్రాలు వచ్చాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, నాసా, గూగుల్ కలిసి చేసిన గిగాపాన్ అనే పరికరం కెమెరా మీట నొక్కే వేలుతో సహా అన్నీ తనే చేసుకుంటుంది. 2009 జనవరిలో ఒబామా పదవీస్వీకారాన్ని డేవిడ్ బెర్గ్‌మన్ దాంతో 220 ఫోటోలుగా తీశాడు. అంతటి జనంలో ఒక్కో ముఖాన్నీ దగ్గరకు లాక్కొని గుర్తుపట్టొచ్చు. 2012కల్లా ఇదంతా ఫోనులోకి వచ్చేసింది. బాణం గుర్తు వెంట ఫోను తిప్పితే చాలు, సన్నటి చీలికలు తీసి పక్కపక్కన పేర్చేస్తుంది. సర్కట్ కెమెరా జేబులోకి వచ్చిందన్నమాట. నడుస్తున్న కుక్క అందులో రైలంత పొడుగవడమూ, ఆరు కాళ్ళతో తేలడమూ అందుకే.

రెండూ దొరకవు

ఇప్పుడు నాలుగో చిక్కు. కాలాన్ని పట్టాలంటే ఒకే క్షణంలో అన్నివైపులా తీయాలి, అంటే చాలా లెన్సులు కావాలి. వీధుల్లో తిరిగే గూగుల్ స్ట్రీట్‌వ్యూ కారు నెత్తిన ఉండే బంతి అదే. 2022లో మన దేశంలో పది నగరాల్లో మొదలైనప్పుడు హైదరాబాదూ అందులో ఉంది. అన్ని లెన్సులూ ఇంచుమించు ఒకేసారి కన్ను తెరుస్తాయి. కాలం దొరికింది. కానీ రెండు లెన్సులు ఒకేచోట ఉండలేవు కదా, పక్కపక్కనే ఉంటాయి. అంటే చూసే చోటు మారిపోయింది, నా పిట్టగోడ మళ్ళీ తెగింది. ఆ బొమ్మల్లో విరిగిన కరెంటు తీగలూ, మెట్టు మెట్టుగా తెగిన ఫుట్‌పాత్‌లూ అందుకే. వెనకాముందూ రెండు లెన్సులుండే చేతి కెమెరాలదీ ఇదే కథ, అంచుకి దగ్గరగా పెట్టిన చెయ్యి తెగిపోతుంది.

ఒకే కెమెరాని ఒకే బిందువు చుట్టూ తిప్పితే స్థానం కుదురుతుంది, కాలం పోతుంది. చాలా కెమెరాలు ఒకేసారి తీస్తే కాలం కుదురుతుంది, స్థానం పోతుంది. ఎంత డబ్బు పోసినా ఈ రెండూ ఒకచోట పూర్తిగా దొరకవు. ఇది సాఫ్ట్‌వేరు లోపం కాదు, లోకం తీరు.

సాఫ్ట్‌వేరు చేయగలిగింది దాచడం. రెండు ఫోటోలు ఒకదానిమీద ఒకటి పడిన మేరలో ఏం తేడా ఉందో చూసుకొని, తేడా లేని చోట్లనుంచే కుట్టు నడిపిస్తుంది. మనిషి అడ్డమొస్తే చుట్టుతిరిగి పోతుంది. మనిషి ఒక ఫోటోలో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే, ఉంచడమో తీసేయడమో తనే తేల్చేస్తుంది. ఇలా మాయమయ్యే మనుషుల్ని ఈ వృత్తిలో దెయ్యాలంటారు, వాళ్ళని తీసేయడం ఒక సదుపాయం. సిన్సినాటి చట్రంలో గీత ఉంది. మైబ్రిడ్జ్ నీడల్లో జాడ ఉంది. ఇప్పటి పనోరమాలో ఆ జాడ కూడా మిగలనివ్వకపోవడమే గొప్ప. పెళ్ళి ఫోటోకైతే పేచీ లేదు. కానీ ఊరేగింపులో ఎంతమంది ఉన్నారు, కూల్చకముందు వీధి ఎలా ఉంది, ప్రమాదం జరిగినచోట ఎవరు నిలబడ్డారు అనే ప్రశ్నలకి ఇలాంటి బొమ్మ సాక్ష్యంగా వచ్చినప్పుడు, అందులో ఏ ముక్క ఏ నిమిషానిదో తెలియాల్సిన అవసరం ఉంది. అతికించిన బొమ్మతోపాటు విడి ఫోటోల్నీ దాచిపెట్టుకోవడం ఒక్కటే దానికి దారి. పనోరమా తయారవగానే చాలామంది మొదట చెరిపేసేవి అవే.

కొన్నేళ్ళ క్రితం గోల్కొండ ప్రింట్లు స్కాన్ చేసి హ్యూగిన్‌కి ఇచ్చాను. రెండు నిమిషాలు పట్టింది. అరటిపండు తిన్నగా అయింది. గుమ్మటం ఒక్కటే ఉంది, ఆకాశమంతా ఒకే నీలం. పిట్టగోడ దగ్గర చిన్న మెలిక ఉంది గానీ వెతికితే తప్ప కనపడదు. చాలాసేపు చూసి మురిసిపోయాక తట్టింది, నాన్న లేడు. మూడో ఫోటోలోని సగం మనిషినీ నాలుగో ఫోటోలోని ఉత్త రాయినీ పోల్చుకొని, రాయే నమ్మదగ్గదని అది తేల్చుకుంది. దాని లెక్కలో తప్పేమీ లేదు.

ఈ భాగం తప్పనిసరిగా ఉంచు అని గుర్తుపెట్టే వీలు కూడా ఉంది అందులో. పెట్టాను. సగం నాన్న వచ్చాడు, మిగతా సగం ఉండాల్సినచోట ఎండలో మెరిసే రాయి. అతుకు కనపడని అంత చక్కటి బొమ్మలో అలా సగం మనిషి నిలబడి ఉంటే చూడలేకపోయాను. తీసేశాను.

నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. సెల్లోటేపు పసుపెక్కి, అంచుల దగ్గర లేస్తోంది. ఆ వంకర బొమ్మలో మూడో ఫోటో ఎక్కడ ఆగిందో, నాలుగోది ఎక్కడ మొదలైందో స్పష్టంగా కనిపిస్తుంది. ఆ రెండింటికీ మధ్య ఆయన ఒక అడుగు పక్కకి వేశాడని కూడా.